వాడగా వాడగా పోతుందట!

ఎడిటర్ గారికి,

కొత్త కారు కొన్న ఎనిమిదో నెలలో గేర్ మార్చినప్పుడల్లా గరగరమని సౌండ్ మొదలైంది, షోరూంకి తీసుకెళ్తే మామూలేనండీ వాడగా వాడగా పోతుంది అన్నారు, రెండోసారి మీ డ్రైవింగ్ వల్లే అన్నారు, మూడోసారి ఇది వారంటీలో రాదు అని తేల్చేశారు. అమ్మేటప్పటి మర్యాదలో పావు వంతు కూడా లేదు.

అప్పుడు కూర్చుని వారంటీ బుక్‌లెట్ మొత్తం చదివా (కొన్నరోజే చదవాల్సింది, ఎవరు చదువుతారు లెండి). బ్రేక్ ప్యాడ్లు, వైపర్ బ్లేడ్లు లాంటి అరిగిపోయేవి మామూలుగా వారంటీలోకి రావు, అది కరెక్టే, కానీ గేర్‌బాక్స్‌లో తయారీ లోపం ఉంటే ఆ బాధ్యత కంపెనీది, డీలర్ రిపేర్ చేసి ఆ ఖర్చు కంపెనీ దగ్గరే తీసుకుంటాడు, మరి ఈయనకెందుకో బాధ!

ఇంక నోటిమాటలు మానేసి, సమస్యని జాబ్‌కార్డులో (బండి సర్వీసుకి ఇచ్చినప్పుడు షోరూంవాళ్లు రాసుకునే కాగితం) నేను చెప్పింది చెప్పినట్టే రాయించి కాపీ తీసుకున్నా, వారంటీ ఎందుకు వర్తించదో కాగితం మీద రాసివ్వమన్నా. రాసివ్వలేదు. సర్వీసు బిల్లులు, సౌండ్ వీడియో అన్నీ జతచేసి వారంటీ గడువు ఉండగానే నేరుగా కంపెనీకి మెయిల్ పెట్టా, వారంలో వాళ్ల ఇంజినీర్ వచ్చి చూశాడు, పార్టు ఫ్రీగా మార్చారు.

ఆ "మామూలు" సౌండ్ ఇప్పుడు లేదు.

ఇట్లు,
ఒక పాఠకుడు