బంగాళాఖాతాన్ని ఓడ మీద నుంచీ కొలవాలి

సంపాదకుడి గారికి,

మనుషులు ఏటా గాలిలోకి వదులుతున్న కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు నాలుగో వంతును సముద్రాలు పీల్చుకుంటున్నాయి. ఈ లెక్కంతా ఉపగ్రహాలే చెబుతున్నాయని చాలామంది అనుకుంటారు. నీటిలో కరిగిన వాయువును ఏ ఉపగ్రహమూ నేరుగా కొలవలేదు. దానికి తెలిసేది సముద్రపు పైపొర వేడి, ఉప్పదనం, నాచు వల్ల వచ్చే రంగు. వీటి ఆధారంగా కార్బన్ డయాక్సైడ్‌ను అంచనా వేయాలంటే, ముందు ఓడ మీద ఎవరో ఆ నీటిని కొలిచి ఉండాలి.

ఆ పనికి ఓపిక కావాలి. ఓడ అడుగున పంపుతో నీటిని తోడి, మూసిన పాత్రలో చిమ్ముతారు. పాత్రలోని గాలి నీటితో సమతుల్యానికి వచ్చాక, అందులో కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో పరారుణ కిరణాలతో కొలుస్తారు. నీటి ఉష్ణోగ్రతను కూడా కచ్చితంగా నమోదు చేయాలి. ఒక్క డిగ్రీ పెరిగితే నీటిలో ఆ వాయువు పీడనం సుమారు 4 శాతం పెరుగుతుంది మరి! ఇలాంటి కొలతలను దేశదేశాల శాస్త్రవేత్తలు 2011లో తొలిసారి విడుదలైన సోకాట్ అనే ఉమ్మడి భాండాగారంలో చేరుస్తున్నారు. అందులో ఇప్పటికి మూడు కోట్లకు పైగా కొలతలున్నాయి. ఉత్తర అట్లాంటిక్ పటం నిండా ఓడల దారులే. బంగాళాఖాతంలో అవి బహు తక్కువ.

ఇది మామూలు సముద్రం కాదు. గంగ, బ్రహ్మపుత్ర, ఇరావతి, మహానది, గోదావరి, కృష్ణ వానాకాలంలో తెచ్చే మంచినీరు ఉప్పునీటి మీద పరచుకుని, కింది నీటిని పైకి రానివ్వదు. బలమైన తుపాను ఆ పొరను కలిపేస్తే, కార్బన్ ఎక్కువగా ఉన్న లోతు నీరు పైకి చేరుతుంది. వేరే సముద్రాల కొలతలతో కట్టిన సూత్రాలను ఇక్కడ ఎలా నమ్మగలం? పైగా మబ్బులు కమ్మిన ఆ నెలల్లోనే ఉపగ్రహానికి నీటి రంగు కనిపించదు. 2013లో అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా భాగస్వామ్యంతో, నీటిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే పరికరమున్న బోయాను (నీటిపై తేలే సాధనాన్ని) బంగాళాఖాతం నడుమ లంగరు వేసి నిలిపారు. మంచి పనే, కానీ అది ఒక్క చోటి సంగతే చెప్పగలదు.

విశాఖపట్నం, చెన్నై, కోల్‌కతాల నుంచి అండమాన్‌కు ప్రయాణికుల ఓడలు నడుస్తున్నాయి. వాటిలో కనీసం ఒకదానిలో ఈ పరికరాన్ని శాశ్వతంగా అమర్చాలి. అట్లాంటిక్‌లో సరకు ఓడల మీద ఈ పద్ధతి ఎన్నో ఏళ్లుగా ఉంది. కొత్త ఓడ కొనమని నేను అడగడం లేదు. నిపుణులకూ కొదవ లేదు. విశాఖలో జాతీయ సముద్ర అధ్యయన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఉపగ్రహ సమాచారంతో చేపలు దొరికే చోట్లను మత్స్యకారులకు సూచించే ఇన్‌కాయిస్ హైదరాబాద్‌లోనే ఉంది. కావలసిందల్లా కేంద్ర భూవిజ్ఞాన శాఖ, నౌకాయాన శాఖ కలిసి తీసుకునే నిర్ణయం. వచ్చిన కొలతలను సోకాట్‌కు పంపడంతోపాటు మన విశ్వవిద్యాలయాల విద్యార్థులకూ ఉచితంగా అందించాలి.

వచ్చే నైరుతి రుతుపవనాలలోపే తొలి పరికరం ఓడెక్కేలా చూడాలని సంబంధిత మంత్రులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు, విశాఖపట్నం