ఎనిమిది కప్పులేనా కనిపించింది?

సంపాదకుడు గారికి,

అమెరికా మహిళల బాస్కెట్‌బాల్ కోచ్ పాట్ సమిట్ మీద గత వారం మీ క్రీడల పేజీలో వచ్చిన అరకాలమ్ చదివాను. మహిళల బాస్కెట్‌బాల్‌కి ఆ మాత్రం చోటు దొరకడమే గొప్ప కాబట్టి ముందుగా సంతోషం. కానీ ఆ అరకాలమ్‌లోనే రెండు తప్పులు దొర్లాయి. ఆమె క్రీడాకారిణిగా ఒలింపిక్ స్వర్ణం గెలవలేదు. 1976 మాంట్రియల్‌లో ఆడి తెచ్చుకున్నది రజతం. స్వర్ణం 1984 లాస్ ఏంజెలిస్‌లో, అమెరికా జట్టు కోచ్‌గా. ఇక ‘నేటికీ చెక్కుచెదరని 1,098 విజయాల రికార్డు’ అట! అది 2020 డిసెంబరులోనే చెదిరింది. స్టాన్‌ఫర్డ్ కోచ్ టారా వాన్‌డర్‌వీర్ దాన్ని దాటారు, 2024 నవంబరులో ఆమెను కనెటికట్ కోచ్ జీనో ఆరియెమ్మా దాటారు. ఫోనులో రెండు నిమిషాలు వెతికితే తెలిసే సంగతి ఇది. డెస్కులో ఆ రెండు నిమిషాలు కూడా కరువయ్యాయేమో.

రాసినవి పోనివ్వండి, వదిలేసినవే ఎక్కువ బాధ పెట్టాయి. ఎనిమిది జాతీయ టైటిళ్లు లెక్కపెట్టారు గానీ మొదటిది ఎప్పుడొచ్చిందో చెప్పలేదు. 1974లో టెనెసీ విశ్వవిద్యాలయం మహిళల జట్టును ఆమె చేతికి ఇచ్చేనాటికి వయసు 22, జీతం నెలకు 250 డాలర్లు. జట్టు బట్టలు ఉతికిందీ ఆమే, వ్యాన్ నడిపిందీ ఆమే. తొలి మ్యాచ్ ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయింది. తొలి టైటిల్ 1987లో, పదమూడో సీజన్‌లో వచ్చింది. మన దగ్గరైతే ఈలోగా ఎంతమంది కోచ్‌లను సాగనంపేవారో! అక్కడ 38 సీజన్లు ఒకే చోట ఉండనిచ్చారు. విద్యాసంస్థల్లో ఆడపిల్లలపై వివక్ష కూడదన్న 1972 నాటి చట్టం, ‘టైటిల్ నైన్’, వెనక ఉంది కాబట్టి డబ్బూ మెల్లగా కదిలింది. ఆ చట్టం ఊసే ఎత్తకుండా ‘పట్టుదలతో సాధించింది’ అని తేల్చేస్తే ఎలా?

అప్పట్లో టెనెసీ హైస్కూళ్లలో అమ్మాయిల ఆట జట్టుకు ఆరుగురితో సాగేది. ముగ్గురు దాడికి, ముగ్గురు కాపలాకు. మధ్య గీత దాటకూడదు. నాలుగేళ్లు సగం కోర్టులోనే ఆడిన పిల్లకు ఫాస్ట్ బ్రేక్, అంటే బంతి చిక్కగానే అవతలి బుట్ట దాకా దూసుకుపోవడం, ఎక్కడ అబ్బుతుంది? కాపలా వైపు పెరిగిన పిల్ల బుట్టలో బంతి వేయడమే నేర్వదు. ఈ పద్ధతి మారేదాకా సొంత రాష్ట్రం పిల్లలను తీసుకోనని సమిట్ భీష్మించారు. 1979లో నియమం మారింది. ఇది కప్పు కాదు కాబట్టి మీ లెక్కలోకి రాలేదు.

ఆమె జట్ల బలం డిఫెన్స్, రీబౌండ్ (గురి తప్పి వెనక్కి వచ్చిన బంతిని అందుకోవడం). మన అమ్మాయిలు తప్పేది సరిగ్గా అక్కడే. షాట్ లేవగానే అందరి కళ్లూ బంతి వెంట పోతాయి. ముందు చూడాల్సింది ప్రత్యర్థిని. ముంజేయి ఆనించి, తిరిగి, మోకాళ్లు వంచి వీపుతో అడ్డుకోవాలి; బంతి సంగతి ఆ తర్వాతే. దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలితే లిగమెంటుకే ముప్పు, సిమెంటు కోర్టు మీద అయితే మరీను. టెనెసీలో ప్రాక్టీసుకు మగ విద్యార్థులను ఎదురు నిలిపేవారు, ఆ వేగానికీ ఎత్తుకీ అలవాటు పడాలని.

ఇక్కడేమో అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు పది రోజుల ముందు క్యాంపు పెట్టి, టీఏ, డీఏ కాగితాలు తేలకముందే రైలెక్కించే చోట్లే ఎక్కువ. కోచ్ పోస్టు ఖాళీ, ఉన్నాయన కాంట్రాక్టు, ఆయనకే ఖోఖో, కబడ్డీ కూడా. స్టోరు గదిలో దొరికిన అబ్బాయిల ఏడో నంబరు బంతితోనే అమ్మాయిలకు ప్రాక్టీసు. వాళ్లు ఆడాల్సిన ఆరో నంబరు బంతికి చుట్టుకొలత ఒక అంగుళం తక్కువ, బరువూ తక్కువే. పెద్ద బంతిని భుజంతో తోసి అలవాటైన పిల్ల అసలు పోటీలో వేసిన షాట్ రింగు దాటి పోతుంది. ‘మనవాళ్లకు కిల్లర్ ఇన్‌స్టింక్ట్ లేదు’ అని అధికారులు ప్రకటన ఇస్తారు, మీరు అచ్చేస్తారు. బంతి కొనే ఫైలు ఏ టేబుల్ మీద నిద్రపోతోందో ఒక్క విలేకరీ అడగడు.

ఇంకొకటి. ఆమె జట్టులో ఉన్న అమ్మాయి తరగతిలో మొదటి మూడు వరుసల్లోనే కూర్చోవాలి. అక్కడ ఆడే అర్హత కాలం పూర్తిచేసిన ప్రతి క్రీడాకారిణీ డిగ్రీ తీసుకుంది. స్పోర్ట్స్ కోటాలో చేర్చుకుని, పరీక్షల రోజే మ్యాచ్‌కి పంపి, ఆపైన హాజరు చాలలేదని నోటీసిచ్చే మన పెద్దలకు ఈ సంగతి తెలియాల్సింది.

2011లో అల్జీమర్స్ అని తేలాక కూడా మరో సీజన్ నడిపించి, 2012లో తన పాత శిష్యురాలు హోలీ వార్లిక్‌కి జట్టు అప్పగించిన వైనానికి మీరిచ్చింది ఒక్క వాక్యం. 2016లో మరణించారన్నది మాత్రం సరిగ్గానే రాశారు.

సవరణ వేస్తారనే అనుకుంటున్నాను. వేస్తే క్రీడల పేజీలోనే వేయండి, టెండరు ప్రకటనల అడుగున కాదు.

— ఒక పాఠకుడు, హనుమకొండ