రేటన్ కనుమ ఎక్కేముందు గేరుబాక్సు ఆయిల్ సంగతి

అమ్మలూ,

వచ్చే నెల ట్రైలర్ తగిలించుకుని డల్లాస్ నుంచి కొలరాడో వెళ్తామన్నావు. ఆమరిల్లో దాకా చదును నేలే, బండికి పెద్ద శ్రమ ఉండదు. అసలు పరీక్ష ఐ-25 హైవే మీద న్యూ మెక్సికో దాటే రేటన్ కనుమ దగ్గర. అక్కడ దాదాపు 7,800 అడుగుల ఎత్తుకు ఎక్కాలి. ఇంజను వేడి ముల్లు అందరూ చూస్తారు. నువ్వు గేరుబాక్సు వేడి కూడా చూడు.

నీ 2008 సిల్వరాడో 2500హెచ్‌డీలో ఉన్నది ఆలిసన్ 1000 గేరుబాక్సు. డాష్ మీది స్క్రీన్‌లో దాని ఆయిల్ వేడి ఫారెన్‌హీట్‌లో కనిపిస్తుంది. బయల్దేరగానే ఆ పేజీ తెరిచి పెట్టుకో. ఖాళీ బండికి మామూలుగా 160 నుంచి 180 ఉంటుంది. ట్రైలర్‌తో 200 దాటినా, ఘాట్‌లో కాసేపు 220 చూపించినా కంగారుపడకు. పాన్‌లోని (గేరుబాక్సు అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) ఆయిల్‌కు ఆలిసన్ పెట్టిన హద్దు 250. అంతదాకా రానివ్వకూడదు. అంకె ఎంత ఉందన్నదానికంటే ఎటు పోతోందన్నది ముఖ్యం. ఎక్కుడు అయిపోయాక కూడా దిగకుండా పెరుగుతూనే ఉంటే అప్పుడు ఆలోచించాలి.

వేడి ఎక్కువగా పుట్టేది టార్క్ కన్వర్టర్‌లో, అంటే ఇంజను శక్తిని ఆయిల్ ద్వారా గేరుబాక్సుకు అందించే భాగంలో. అది లాక్ కానంతసేపూ లోపల ఆయిల్ జారుతూ చిలుకుడు పడుతుంది, ఆ శ్రమంతా వేడిగా మారుతుంది. లాక్ అయితే, అంటే దాని రెండు సగాలూ ఒకటిగా బిగిసి తిరిగితే, జారుడు ఆగుతుంది. అదే వేగంలో ఇంజను ఆర్‌పీఎం కొన్ని వందలు ఠక్కున తగ్గితే లాక్ పడిందన్నమాట. అందుకే ఘాట్ మొదలవకముందే టో-హాల్ బటన్ (బరువు లాగేటప్పుడు వాడేది) నొక్కు. అప్పుడు గేరుబాక్సు పై గేరుకు తొందరపడి పోకుండా, కింది గేరులోనే ఆర్‌పీఎం నిలుపుతూ లాగుతుంది. ఆయిల్ పంపు తిరిగే వేగం పెరిగి, ఆయిల్‌ను చల్లబరిచే కూలర్‌కు ఆయిల్ బాగా అందుతుంది. నెమ్మదిగా నడిచే ట్రాఫిక్, క్యాంప్ స్థలంలో ఏటవాలు మీద ట్రైలర్‌ను వెనక్కి నడపడం, ఈ రెండూ ఘాట్‌కంటే గబగబా వేడి పెంచుతాయి.

బాగా వేడెక్కితే సమంగా ఉన్న చోట ఆపి, పార్కింగ్ బ్రేక్ వేసి, న్యూట్రల్‌లో పెట్టి ఇంజనును 1,200 నుంచి 1,500 ఆర్‌పీఎంలో ఉంచు. రెండు మూడు నిమిషాల్లో దిగాలి. ఇంజను మాత్రం ఆపేయకు. ఆపితే ఆయిల్ తిరగడం ఆగి వేడి లోపలే ఉండిపోతుంది. దిగకపోతే కూలర్ రెక్కల్లో పురుగులు, గడ్డి ఇరుక్కున్నాయేమో, కూలర్ గొట్టాల్లో రబ్బరు ఇనుముతో కలిసే చోట ఎర్ర తడి (కారిన ఆయిల్) ఉందేమో చూడు.

వెళ్లేముందే ఆయిల్ మార్చేయి. డెక్స్రాన్-6 ఎనిమిది క్వార్ట్‌లు, ఆలిసన్ స్పిన్-ఆన్ ఫిల్టర్ ఒకటి తెచ్చుకో. వేరే రకం ఏటీఎఫ్ (గేరుబాక్సు ఆయిల్) కలపకు. పాన్ విప్పక్కర్లేదు, లోపలి ఫిల్టర్ గేరుబాక్సు పూర్తిగా విప్పినప్పుడు మార్చేదే. బండి కాసేపు నడిపి ఆయిల్ వేడిమీద ఉండగానే, చేతికి గ్లౌజులు తొడుక్కుని డ్రెయిన్ బోల్టు తీయి. సుమారు 7 క్వార్ట్‌లు దిగుతుంది, మిగతాది కన్వర్టర్‌లో, కూలర్‌లో ఉండిపోతుంది. ఎంత దిగిందో కొలిచి రాసుకో.

తర్వాత ఫిల్టర్ విప్పు. దాని మీద గారె ఆకారంలో ఒక అయస్కాంతం ఉంటుంది. చాలామంది దాన్ని పాత ఫిల్టర్‌తోపాటు చెత్తలో పారేస్తారు. జాగ్రత్తగా తీసి, దానికి అంటిన ముద్దను రెండు వేళ్లమధ్య నలిపి చూడు. కాటుకలా మెత్తగా జారితే మామూలు అరుగుదలే. పలుకు తగిలినా, మెరిసే రజను కనిపించినా ప్రయాణం వాయిదా వేసుకుని మెకానిక్‌కు చూపించు. అయస్కాంతం శుభ్రంగా తుడిచి మళ్లీ అక్కడే పెట్టు. పాత ఫిల్టర్ రబ్బరు రింగు గేరుబాక్సుకే అంటుకుపోయిందేమో వేలితో తడిమి చూసుకో. దాని మీదే కొత్తది కూర్చుంటే ఆయిల్ చిమ్ముతుంది. కొత్త రింగుకు కాస్త ఆయిల్ రాసి, అది ఆనిన తర్వాత చేత్తోనే ఇంకొక్క చుట్టు తిప్పు, చాలు.

డ్రెయిన్ బోల్టు మళ్లీ బిగించి, డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే పుల్ల) గొట్టంలో పొడుగు గరాటుతో మొదట 6 క్వార్ట్‌లు పోయి. ఇంజను తిప్పి, బ్రేకు తొక్కి ఒక్కో గేరులో మూడేసి సెకన్లు ఉంచి పార్క్‌కి రా. స్టిక్ మీద చల్లటి ఆయిల్‌కు ఉన్న గుర్తు చూసి తక్కువైనంత పోయి. అది బండి కదపడానికి మాత్రమే. అసలు కొలత ఆయిల్ 160-200 మధ్య ఉన్నప్పుడు, సమమైన నేల మీద, ఇంజను నడుస్తుండగా చూసేదే. స్టిక్‌కి రెండు పక్కలా చూసి తక్కువ ఉన్నదే లెక్కలోకి తీసుకో. పోనీలే అని ఎక్కువ పోయకు. తిరిగే భాగాలు దాన్ని చిలికి నురగ చేస్తాయి, అప్పుడు వేడి ఇంకా పెరుగుతుంది.

ఆ అయస్కాంతాన్ని తుడవకముందే వెలుతురులో దగ్గరగా ఫొటో తీసి పంపు. చూసి చెబుతాను.

ప్రేమతో,
నాన్న