ఫాదర్ దామియన్ దినచర్య

సంపాదకులకు నమస్కారం.

మతప్రచారకుల త్యాగాన్ని వేనోళ్ల పొగిడి, వారు రోజంతా ఏం చేసేవారో రాయకుండా వదిలేయడం పత్రికలకు పరిపాటి అయింది. హవాయి దీవుల్లో మూడు వైపులా సముద్రం, నాలుగో వైపు నిటారు కొండ ఉన్న కలౌపాపా కుష్ఠురోగుల స్థావరానికి 1873లో, 33 ఏళ్ల వయసులో వెళ్లిన బెల్జియం మతగురువు ఫాదర్ దామియన్ తొలి రాత్రులు చెట్టు కిందే పడుకున్నారు. పుండ్లు కడిగి కట్లు కట్టడం, శవపేటికలు చేయడం, గోతులు తవ్వడం ఆయన దినచర్య. దుర్వాసన భరించలేక పైపు కాల్చేవారట. ప్రార్థనలు వీటి మధ్యే సాగేవి. అయితే ఇళ్ల నిర్మాణంలో రోగులూ చెమటోడ్చారని, 1865 నాటి చట్టమే వారిని కుటుంబాల నుంచి విడదీసి అక్కడికి తరలించిందని కూడా రాయాలి. అదే వ్యాధితో ఆయన 1889లో మరణించినా, ఆ నిర్బంధ విధానం 1969 దాకా కొనసాగింది.

— ఒక పాఠకుడు, గుంటూరు