ఒక్క విజిల్, రెండు రింగులు

గౌరవనీయులైన క్రీడల శాఖ మంత్రి గారికి,

అయ్యా, నేను ప్రభుత్వ హైస్కూల్లో పీఈటీని. మొన్న స్కూల్ గేమ్స్‌లో అమ్మాయిల బాస్కెట్‌బాల్ మ్యాచ్‌కి నేనొక్కణ్ణే రెఫరీని. నాతో ఉండాల్సిన రెండో ఆయన్ని, కబడ్డీ దగ్గర మనిషి లేడని పొద్దున్నే అటు పంపేశారు.

మూడో క్వార్టర్‌లో రింగ్ దగ్గర నిలబడి షాట్ వేసే పిల్ల చేతినే చూస్తున్నాను. వెనక సెంటర్ లైన్ దగ్గర ఎవరిదో మోచెయ్యి తగిలి ఒక పిల్ల పెదవి చిట్లింది. అరుపు విని తిరిగేసరికి రక్తం. ఎవరు కొట్టారో నేను చూడలేదు. చూడని ఫౌల్ ఇవ్వలేను కదా. "కళ్లు కనిపించట్లేదా సార్?" అని వాళ్ల కోచ్ మీదికొచ్చారు. ఆయన్ని తప్పుపట్టను. ఉన్న రెండు కళ్లూ రింగ్ దగ్గరే ఉన్నాయి మరి.

మీరు ఈ ఆట ఆడారో లేదో తెలీదు కాబట్టి కొంచెం చెబుతాను. కోర్టు పొడవు 28 మీటర్లు. ఇద్దరుంటే ఒకరు బంతికి ముందు పరుగెత్తి ఎండ్ లైన్ దగ్గర నిలబడతారు, ఇంకొకరు వెనక నుంచి మిగతావాళ్లను చూస్తారు. బంతి చేతులు మారితే వీళ్ల పనులూ మారతాయి. ఒక్కడే అయితే? పిల్లలు బంతి లాక్కుని ఉరికారంటే, నా యాభై ఏళ్ల మోకాళ్లు సెంటర్ లైన్ దాటేలోపే లే-అప్, అంటే రింగ్ దగ్గరికి ఉరికి వేసే షాట్, అయిపోతుంది. అది ట్రావెలింగో (బంతి పట్టుకుని ఎక్కువ అడుగులు వేయడం) కాదో వెనక నుంచి అంచనా వేయడమే. ఇక ఫౌల్ ఇచ్చి, స్కోర్ టేబుల్ వైపు తిరిగి వేళ్లతో నంబర్ చూపిస్తున్నంతసేపూ పదిమందీ నా వీపు వెనకే. తోపులాటలన్నీ అప్పుడే.

1891లో ఈ ఆట కనిపెట్టిన నైస్మిత్ గారు రాసిన 13 రూల్స్‌లోనే ఇద్దరున్నారండీ. మనుషుల్ని చూడ్డానికి అంపైర్, బంతిని చూడ్డానికి రెఫరీ. అప్పటికింకా గోల్ అంటే పళ్ల బుట్టే! ఇప్పటి ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సంఘం) రూల్స్ కూడా క్రూ చీఫ్‌తో, అంటే ప్రధాన రెఫరీతో పాటు కనీసం ఒక అంపైర్ ఉండాలంటాయి.

మేం స్టేడియం అడగట్లేదు. రెండో రెఫరీ కోర్టులోకి రాకుండా మ్యాచ్ మొదలుపెట్టొద్దని ఒక సర్క్యులర్ ఇప్పించండి. మనుషులు లేరంటారా, కాలేజీ టీముల్లో ఆడినవాళ్లు బోలెడుమంది ఖాళీగా ఉన్నారు. నాలుగు రోజులు ట్రైనింగ్ ఇచ్చి, బస్ చార్జీ, భోజనం, మ్యాచ్‌కింత అని చేతికిస్తే వస్తారు. టీఏ బిల్లు ఎప్పుడొస్తుందో తెలీని పనికి నాలాంటి పాతవాళ్లే మిగిలాం.

ఆ పిల్లకు రెండు కుట్లు పడ్డాయి. వచ్చే వారం ఫైనల్స్. షెడ్యూల్ వచ్చింది. రెఫరీల గడిలో నా పేరొక్కటే ఉంది.

ఇట్లు,
ఒక పీఈటీ