సీజియం పూత దళసరి అయితే ఎలక్ట్రాన్లు పెరగవు

సంపాదకులకు,

లోహాలపై సీజియం పూత గురించి మీ విజ్ఞాన పేజీలో వచ్చిన వ్యాసం చదివితే, పూత ఎంత దళసరిగా వేస్తే ఎలక్ట్రాన్లు అంత ఎక్కువ వస్తాయనిపిస్తుంది. అలా జరగదు. ఒక పరమాణు పొర పూర్తిగా పడకముందే, అందులో సుమారు మూడింట రెండు వంతులు నిండేసరికే ఎలక్ట్రాన్ల విడుదల (ఉద్గారం) గరిష్ఠానికి చేరుతుంది. ఆపైన వేసేదంతా చెరుపే.

శుభ్రమైన టంగ్‌స్టన్ లోహం పని ప్రమేయం, అంటే దాని నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను బయటికి లాగడానికి కావలసిన కనీస శక్తి, సుమారు 4.5 ఎలక్ట్రాన్ వోల్టులు. దానిపై వాలిన సీజియం పరమాణువు తన వెలుపలి ఎలక్ట్రాన్‌ను చాలావరకు లోహం వైపు వదిలేస్తుంది. బయట ధనావేశం, లోపల రుణావేశం మిగిలి, ఇలాంటి ఆవేశ జంటల (ద్విధ్రువాల) వరుస ఏర్పడుతుంది. దాంతో పని ప్రమేయం 1.6 దరిదాపులకు పడిపోతుంది. పరమాణువులు కిక్కిరిసేకొద్దీ పక్కపక్క ద్విధ్రువాలు ఒకదాన్నొకటి బలహీనపరుస్తాయి. అప్పుడు పని ప్రమేయం మళ్లీ పెరిగి సీజియం సొంత విలువ 2.1 వైపు పోతుంది. అచ్చమైన సీజియం కన్నా, సీజియం అరకొరగా పట్టిన టంగ్‌స్టనే నయమన్నమాట.

1000 కెల్విన్ వద్ద పని ప్రమేయం 0.2 ఎలక్ట్రాన్ వోల్టు మారితే వేడి వల్ల జరిగే ఉద్గారం పదింతలు మారుతుంది. 1.6 నుంచి 2.1కి పెరిగిందంటే 300 రెట్లకు పైగా నష్టం. పైగా ఆ వేడిలో సీజియం నిలవదు, ఆవిరిని అందిస్తూనే ఉండాలి. ఇంకా వేడెక్కిన శుభ్రమైన టంగ్‌స్టన్ నుంచి అది అయాన్లుగా లేచిపోతుంది: దాని అయనీకరణ శక్తి (పరమాణువు నుంచి ఎలక్ట్రాన్‌ను తీయడానికి కావలసిన శక్తి) 3.89 మాత్రమే, టంగ్‌స్టన్ పని ప్రమేయం 4.5 కన్నా తక్కువ. ఈ సంగతిని శాస్త్రవేత్తలు లాంగ్‌ముయిర్, కింగ్డన్ 1923లోనే చూపించారు.

గది ఉష్ణోగ్రత వద్ద పూసేటప్పుడు ఎక్కడ ఆపాలో ఎలక్ట్రాన్ల కరెంటును కొలిచే మీటరే చెబుతుంది. ముందు వాక్యూమ్ ఛాంబర్‌ను 150–200 డిగ్రీల వద్ద ఒకటి రెండు రోజులు బేక్ చేసి, పీడనాన్ని 10⁻¹⁰ టార్ (పీడనపు కొలమానం) దాకా దించాలి. టంగ్‌స్టన్‌లోని కార్బన్ పోవడానికి కొద్దిపాటి ఆక్సిజన్‌లో కాల్చి, మిగిలిన ఆక్సైడ్ పోయేందుకు కొన్ని సెకన్లు 2000 డిగ్రీలు దాటించి చల్లార్చాలి. సీజియం డిస్పెన్సర్‌ను (కరెంటుతో వేడెక్కి సీజియం వదిలే సాధనాన్ని) విడుదల కరెంటుకు కాస్త దిగువన ముందే వేడిచేసి, అందులోని వాయువులు పోనివ్వాలి. తర్వాత టంగ్‌స్టన్ నమూనాకు రుణ వోల్టేజీ ఇచ్చి, 650 నానోమీటర్ల ఎర్ర ఎల్‌ఈడీ కాంతి వేస్తూ పూత మొదలుపెట్టాలి. ఆ కాంతి కణం (ఫోటాన్) శక్తి 1.9 ఎలక్ట్రాన్ వోల్టులు కాబట్టి, పని ప్రమేయం అంతకన్నా తగ్గేదాకా మీటరు ఇంచుమించు కదలదు. కదిలాక కరెంటు చకచకా ఎక్కి, మందగించి, తిరుగుముఖం పడుతుంది. శిఖరానికి కాస్త ముందే ఆపాలి, ఎందుకంటే డిస్పెన్సర్ చల్లారేలోపు ఇంకొంత సీజియం వదులుతుంది.

ఎల్‌ఈడీ ఆర్పినా మీటరు సున్నాకు రాలేదా? డిస్పెన్సర్ ఎర్రటి మెరుపు, పీడనాన్ని కొలిచే అయాన్ గేజి ఫిలమెంట్ వెలుగు రెండూ ఎలక్ట్రాన్లను లాగుతాయి. అవీ ఆర్పి చూడాలి. అప్పటికీ కరెంటు ఉంటే, పింగాణీ ఇన్సులేటర్ల మీద సీజియం పేరుకుని లీకేజీ అవుతుందేమో అనుమానించాలి.

మంచి పూత కూడా నిలిచేది వాక్యూమ్‌ను బట్టే. 10⁻⁶ టార్ వద్ద తగిలిన ప్రతి అణువూ అతుక్కుంటే ఒక పొర కప్పడానికి సుమారు ఒక సెకను చాలు. 10⁻⁹ వద్ద పావుగంటకు కొంచెం పైన పడుతుంది. నీటి ఆవిరితో పాడైన ఉపరితలంపై మళ్లీ సీజియం చల్లితే కరెంటు కొంత కోలుకుంటుంది గానీ, మొదటి శిఖరం అందదు. అప్పుడు టంగ్‌స్టన్‌ను మళ్లీ కాల్చి మొదటి నుంచి రావాల్సిందే.

ఇట్లు,
ఒక భౌతికశాస్త్ర పాఠకుడు