ఈ ఏడాది మన పెద్దల సంఘం పనులు, ముఖ్యంగా నిద్ర గోల

అందరికీ నమస్కారం. వనభోజనాలు, బీపీ షుగర్ క్యాంపు ఎప్పట్లాగే బానే జరిగాయి, జమాఖర్చులు ట్రెజరర్ గారు వెనక జత చేశారు చూస్కోండి. ఈసారి రాయాల్సింది నిద్ర గురించే.

ఉగాది మీటింగులో ఒకాయన "రాత్రి రెండింటికి మెలకువొస్తే ఇక తెల్లారేదాకా గోడ గడియారం చూడ్డమే" అనగానే మాకూ అంతే మాకూ అంతే అని హాలంతా గోల, దాంతో ఒక డాక్టరమ్మని పిలిచాం. వయసొస్తే గాఢనిద్ర తగ్గుద్ది, మెలకువలు పెరుగుతాయి గానీ 65 దాటినా 7-8 గంటలు కావాల్సిందే, ముసలాళ్ళకి నిద్దరెందుకు అనేది ఉత్తమాట అని చెప్పారావిడ.

తర్వాత నిద్ర డైరీ షీట్లు జిరాక్స్ తీయించి పంచాం, ఎన్నింటికి పడుకున్నాం, ఎన్నిసార్లు లేచాం, మధ్యాన్నం కునుకెంత, కాఫీ టీలు ఎప్పుడు, ఇలా రెండు వారాలు రాయాలి. కొందరు రెండోరోజే అటకెక్కించారు. రాసినవాళ్ళవి చూస్తే ఏముంది, పార్కులో సాయంత్రం ఆరున్నరకి సంఘం పోసే టీ దాదాపు అందరి షీట్లలో ఉంది! టీ కాఫీల్లో ఉండి నిద్ర పట్టనివ్వని కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోడానికే సుమారు 5 గంటలంట. చందా డబ్బుల్తో మన నిద్ర మనమే చెడగొట్టుకున్నాం అన్నమాట. ఆ టీ మాన్పించి మరమరాలు పెట్టాం, నన్ను తిట్టేవాళ్ళు ఇంకా తిడుతూనే ఉన్నారు.

ఇంకొకాయన ఒంట్లో నీరు పోయే బిళ్ళ రాత్రి భోంచేశాక వేస్కునేవారు, ఇక నాలుగుసార్లు బాత్రూమే. డాక్టర్నడిగి పొద్దుటికి మార్చుకుంటే ఇప్పుడు ఒక్కసారే లేస్తున్నారు.

బాధ కలిగించింది మాత్రం నిద్రమాత్రలు. అల్ప్రాజోలం అనే బిళ్ళ షెడ్యూల్ హెచ్1 అనే ప్రభుత్వ జాబితాలోని మందు, డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడదు, మనవాళ్ళేమో పార్కు బెంచీ మీద అర బిళ్ళ అప్పిచ్చుకుంటున్నారు. పెద్దవయసులో వీటితో తూలి పడ్డం, తుంటి విరగడం, మతిమరుపు ఎక్కువ. అలాగని రోజూ వేస్కునేవాళ్ళు ఒక్కసారే ఆపేయొద్దు, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

గురక పెద్దగా పెట్టి మధ్యలో ఊపిరి ఆగేవాళ్ళకి టెస్టు చేయిద్దామనుకున్నాం, కుదర్లేదు, వచ్చే ఏడాది మొదటి పని అదే.

షీట్లు నా దగ్గర ఇంకా ఉన్నాయి, కావాల్సినవాళ్ళు అడగండి, ఫోను మాత్రం రాత్రి తొమ్మిది దాటాక చెయ్యకండి.

ఇట్లు,
కార్యదర్శి